బల్లమీది బార్నెట్ యుద్ధము

1471వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ, ఈస్టరు ఆదివారమునాడు, లండను నగరమునకు ఉత్తరమున నున్న బార్నెట్ పట్టణముచెంత వేకువజామున ఆరంభమై, రెండు మూడు గంటలలో ముగిసిన పోరాటము, ఇంగ్లండు సింహాసనము ఎవరిదో చాలవరకు తేల్చివైచెను. గులాబీ యుద్ధములని పేరుపడిన ఆ అంతర్యుద్ధపరంపరలో ఇంతకంటె పెద్దవియు, ఇంతకంటె ఘోరమైనవియు ఉన్నవి. అయినను, బొమ్మసైన్యములతో పూర్వయుద్ధములను బల్లమీద మరల నడపు విద్య యేపాటిదో తెలిసికొనగోరువారికి బార్నెట్‌ను మించిన నిదర్శనము లేదని నా తలంపు. దానికి కారణము ఆనాటి పొగమంచు.

పదియేండ్లక్రితము నాలుగవ ఎడ్వర్డును గద్దెనెక్కించుటకు తోడ్పడిన వార్విక్ ప్రభువు, అతనితో విరోధించి, 1470లో ఆరవ హెన్రీని మరల రాజును చేయగా, సముద్రము దాటి పారిపోయిన ఎడ్వర్డు మరుసటి మార్చిలో తిరిగివచ్చి, లండనును చేజిక్కించుకొని, పాతమిత్రునిపై కదలివచ్చెను. నెగళ్లు వేయవలదనియు, అలికిడి చేయవలదనియు ఆజ్ఞాపించి, శనివారము రాత్రి చీకటిలో తన సేనను శత్రువునకు మిక్కిలి చేరువగా నిలిపెను. వార్విక్ ఫిరంగులు రాత్రియంతయు మ్రోగినను, ఎదుటివారు అతడనుకొన్నదానికంటె దగ్గర నుండుటచేత, గుండ్లు వారి తలలమీదుగా దాటిపోయెను. తమ జాడ బయటపడకుండుటకై ఎడ్వర్డు తన ఫిరంగులను బదులు పలుకనీయలేదు. అయితే ఆ చీకటిలోనే రెండు సేనలును ఒకదానికొకటి సరిగా ఎదురుపడక ప్రక్కకు జరిగి నిలిచినవి. ప్రతిసేనకును కుడికొన ఎదుటివారి ఎడమకొనను దాటి పోయియుండెను.

తెల్లవారునప్పటికి మంచు దట్టముగా క్రమ్మినది. వార్విక్ కుడివైపున నున్న ఆక్స్‌ఫర్డు ప్రభువు తన కెదురుగా నున్న హేస్టింగ్సు దళమును చెల్లాచెదరు చేసి, బార్నెట్ వీధులవరకు తరుముకొనిపోగా, అతని సైనికులు పలువురు అచ్చట దోపిడిలో పడిరి. ఎడ్వర్డు నడిమి దళమునకు తమ ఎడమప్రక్క కూలిపోయిన సంగతియే తెలియలేదు. తెలియకపోవుటచేతనే వారు అధైర్యపడలేదు. ఈలోగా రెండవకొనను, పదునెనిమిదేండ్ల రాజసోదరుడు గ్లాస్టరు ప్రభువు నెట్టుకొనిపోవుచుండుటచేత, యుద్ధపంక్తి యంతయు గుండ్రముగా తిరుగసాగెను. ఆక్స్‌ఫర్డు తనవారిలో దొరికినవారిని కూడదీసుకొని వచ్చునప్పటికి, శత్రువుల వీపు కనబడవలసినచోట స్వపక్షమువాడైన మాంటెగ్యూ దళము నిలిచియుండెను. ఆక్స్‌ఫర్డు చిహ్నము కిరణములు గల నక్షత్రము. ఎడ్వర్డు చిహ్నము కిరణములు గల సూర్యుడు. మంచులో ఒకటి మరియొకటిగా తోచి, మిత్రులే మిత్రులపై బాణములు వేసిరనియు, ద్రోహము ద్రోహమని కేకలు లేచెననియు వార్క్‌వర్త్ పేరిట నిలిచిన వృత్తాంతము చెప్పుచున్నది. మాంటెగ్యూ పోరులో కూలెను. అతని అన్న వార్విక్ పారిపోవుచు చంపబడెను.

ఇట్టి యుద్ధమును బల్లమీదికి తెచ్చుట యెట్లు? మన చతురంగమే పారశీక, అరబ్బు దేశములమీదుగా పశ్చిమమునకు పోయి చెస్సు అయినది. ఆ చెస్సునుండియే 1780లో బ్రన్స్‌విక్‌లోని హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు గడులను పెంచి, ఫిరంగులను చేర్చి, యుద్ధక్రీడ నొకదానిని కల్పించెను. చతురంగమున ఇరువురికిని అన్ని బలములును కనబడుచుండును, మరుగనునది లేదు. యుద్ధమున మరుగు లేని క్షణము లేదు. ఈ లోటును పూరించినవాడు ప్రష్యా సేనాధికారి రైస్‌విట్సు. తన తండ్రి మొదలిడిన క్రీడను సవరించి, 1824లో అతడు వెలువరించిన నిబంధనలలో, ఆటగాడు ఆజ్ఞను వ్రాసి మధ్యస్థుని కిచ్చును. మధ్యస్థుడు జరుగవలసినదానిని నిర్ణయించి, ఆ సేనాపతి కన్నులకు ఆనగలిగినంతమాత్రమే అతనికి చూపును. ఈ విద్యకు ప్రాణము వచ్చినది ఇక్కడనే. తరువాత 1913లో ఆంగ్ల రచయిత వెల్సు మహాశయుని ‘లిటిల్ వార్స్’, 1962లో ఫెదర్‌స్టోను ‘వార్ గేమ్స్’ అను గ్రంథములు దీనిని సైనికశాలలనుండి సామాన్యుల యిండ్లకు తెచ్చినవి.

బొమ్మలనుగూర్చి చెప్పవలసినది కొంచెమే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల. 28 మిల్లీమీటర్ల విగ్రహములు. ఒక్కొక్క విగ్రహము ఏబదిమందికి ప్రతినిధి యనుకొన్నచో పదివేల సేనకు 200 బొమ్మలు. విలుకాండ్రు, కొక్కెపు మొన గల పొడుగాటి బిల్లులు పట్టిన పదాతులు, కవచధారులైన యోధులు, వార్విక్ సేవకుల ఎర్రని అంగీలపై తెల్లని మోటుకర్ర గుర్తు: వీనిని సన్నని కుంచెతో చిత్రించుటకు నెలలు పట్టును. చూచినవారు మొదట మెచ్చునది దీనినే. మెచ్చదగినదే గాని, విద్య యంతయు ఇందులేదు.

కష్టము నిబంధనలలో నున్నది. ప్రక్కదళము విరిగి పారినప్పుడు దానిని చూచిన దళము పాచిక వేసి తన ధైర్యమును పరీక్షించుకొనవలెననునది ఇట్టి క్రీడలలో పరిపాటి. బార్నెట్‌లో ఈ నిబంధనను యథాతథముగా నడపితిమా, హేస్టింగ్సు విరిగినంతనే ఎడ్వర్డు నడిమి దళము కూడ వణకును, చరిత్ర తలక్రిందులగును. కావున కనబడని పరాజయమునకు భయము లేదని నియమించవలెను. మరియు ఆటగాండ్రు చరిత్ర చదివినవారే కనుక, ఏ కొన దాటిపోవునో ముందే ఎరిగియుందురు. అందుచేత పంక్తులు ఏ వైపునకు, ఎంతమేరకు జరిగినవో మధ్యస్థుడు రహస్యముగా పాచికతో తేల్చి, నిజమైన స్థానములను తన పటముపై దాచుకొనవలెను. శత్రువును విరిచిన దళము నిలుచునో, తరుముకొనిపోవునో, పోయినది ఎప్పుడు, ఏ దిక్కునుండి తిరిగివచ్చునో కూడ సేనాపతి యిచ్ఛకు వదలరాదు.

అప్పుడు మాంటెగ్యూ స్థానమున కూర్చున్న ఆటగానితో మధ్యస్థుడు ఇట్లనును: “తమ ప్రక్కన, వింటిపట్టు దూరమున, ఒక దళము వచ్చుచున్నది. జెండాపై కిరణములున్నవి.” అంతకుమించి చెప్పడు. ఆటగాడు ఎన్ని ప్రశ్నలు వేసినను సమాధానము అదియే. పంక్తి తిరిగినదని అతనికి తెలియదు. ఆక్స్‌ఫర్డు ఎచ్చట నున్నాడో తెలియదు. తాళితే శత్రువు మీదపడును, తాళకున్న మిత్రుడు చచ్చును. ఆజ్ఞాపత్రము మీద కలము ఆగిపోవును. నింపాదిగా గ్రంథము చదువుచు మాంటెగ్యూ భటులను తొందరపాటువారని నిందించినవాడే, ఈ బల్లయెదుట ‘బాణములు వేయుడు’ అని వ్రాసి యిచ్చును. ఫలితము తెలిసి చదువుటచేత మనకు కలుగు తెలివి ఆనాటివారికి లేదను సత్యమును ఇంత సూటిగా బోధించు సాధనము మరియొకటి నాకు కానరాదు.

మనుష్యులు నిజముగా చచ్చినచోట ఆటయేమని అడుగువారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ గులాబీ యుద్ధములలోనే 1461 మార్చి 29న జరిగిన టౌటన్ యుద్ధమునకు చెందిన సమాధి యొకటి 1996లో బయటపడగా, అందలి 30కి పైగా అస్థిపంజరములలో అనేకముల పుర్రెలపై పెక్కు దెబ్బల గుర్తులు కనబడినవి. ఆ సంగతి నెరుగక బొమ్మలను త్రోయువాడు ఈ విద్యకు అర్హుడు కాడు. కాని ఎరిగి ఆడువాడు, బల్లమీదనుండి తీసివేసిన ప్రతి విగ్రహమునకును వెనుక ఏబది యిండ్ల దుఃఖమున్నదని తలచుచు, సేనాపతుల పౌరుషమును పొగడుటకంటె వారి అజ్ఞానమునకు మూల్యమెవరు చెల్లించిరో లెక్కించుట నేర్చుకొనును. గెలుపోటములనే లెక్కగా పెట్టుకొని, మంచును తీసివేసి, సరిసమానమైన బలములతో ఆడు బార్నెట్‌ను నేను బార్నెట్ అని ఒప్పుకొనను.

ఆసక్తి గల పాఠకులు ఖరీదైన విగ్రహములకై వేచియుండనక్కరలేదు. రంగు పూసిన అట్టముక్కలు, రెండు పాచికలు, చేతివ్రాత పటము, వేరువేరు గదులలో కూర్చుండుటకు సమ్మతించు ఇద్దరు మిత్రులు, వారెంత బతిమాలినను నోరుజారని మధ్యస్థుడొకడు ఉన్నచో చాలును. ఒక ఆదివారపు సాయంకాలము బార్నెట్‌ను నడపి చూడుడు.