కోటు కాజాల దగ్గర బయటపడుతుంది

అమెరికా అంతర్యుద్ధ ఘట్టాలను మైదానంలో మళ్లీ ఆడి చూపించే రీఎనాక్టర్ల బృందంలో చేరగానే కొత్తవాళ్లు అడిగేది ఒకటే: ఉత్తరాది నీలం కోటు కొనాలా, దక్షిణాది బూడిదరంగుదా?

1861 జులై 21న వర్జీనియాలోని మనాసస్ దగ్గర జరిగిన పోరులో ఏమైందో చూస్తే ఆ ప్రశ్న ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. ఆ రోజు ఉత్తరాది పక్షాన దిగిన రెండో విస్కాన్సిన్ దళం వేసుకున్నది బూడిదరంగు. సొంతవాళ్లే వాళ్లమీద తుపాకులు పేల్చారు. దక్షిణాదికి చెందిన 33వ వర్జీనియా దళం నీలం దుస్తుల్లో దగ్గరికొస్తుంటే, తమవాళ్లే అనుకుని ఉత్తరాది ఫిరంగిదళం కాల్చకుండా ఆగింది. ఆగినందుకు ఫిరంగులే పోగొట్టుకుంది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఏ దళం, ఏ ఏడు, ఏ ప్రాంతం అన్నది. కొనుగోలు ఆ తర్వాతే.

ఉత్తరాది సిపాయిది మామూలు కోటు. నీలిమందులో ముంచిన ఉన్ని ఫ్లానెల్, డేగ బొమ్మ ఉన్న నాలుగు ఇత్తడి గుండీలు, మడిచిన కాలరు, అంతే. సైజులు కూడా నాలుగే. ఒంటికి అతికినట్టు కుట్టించుకుంటే ఆ కోటు అప్పుడే అబద్ధమైపోతుంది. చేతులు కాస్త పొడుగై, భుజం కాస్త జారితేనే అది సిపాయి కోటు.

దాన్ని తిరగేసి కాజాలు చూడాలి. ఫిలడెల్ఫియాలోని షూల్‌కిల్ ఆయుధాగారంలో గుడ్డ కత్తిరించి, దారం, గుండీలతో సహా మూటకట్టి ఇస్తే, వేలాది మంది ఆడవాళ్లు ఇంటికి తీసుకెళ్లి చేత్తో కుట్టి తెచ్చేవారు. కుట్టుమిషను అప్పటికే వచ్చింది. అయినా మిషను మీద తయారైన కోట్లకు సైతం కాజాలు ఎక్కువగా చేత్తోనే చుట్టేవారు. ఆ చుట్టు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. ఇప్పటి చవక నకళ్లలో కాజా అంచులు అచ్చుగుద్దినట్టు ఉంటాయి, పాలియెస్టర్ దారం ఎండలో తళుక్కుమంటుంది. పది అడుగుల దూరం నుంచి ఎవరికీ కనబడదు కదా అని కొందరంటారు. కనబడకపోయినా ఆ చేతికుట్టు కావలసిందే. 1865లో సైన్యానికి బట్టలు కుట్టే సిన్సినాటి ఆడవాళ్లు, కాంట్రాక్టర్లు తమ కూలి కోసేస్తున్నారని అధ్యక్షుడు లింకన్‌కు అర్జీ పెట్టుకున్నారు. యుద్ధాన్ని గుర్తుచేసుకునే చోట వాళ్ల చేతిపనికీ లెక్క ఉండాలి.

దక్షిణాది గుడ్డతో చిక్కు ఇంకా ఎక్కువ. నూలు పడుగు, ఉన్ని పేకగా నేసిన జీన్ గుడ్డ అక్కడ విరివిగా వాడారు. మొక్కల రంగులతో వేసిన బూడిదరంగు ఎండకు వెలిసి గోధుమరంగుకు తిరిగేది. 1864 వచ్చేసరికి రిచ్మండ్‌లోని సైనిక దుస్తుల డిపోలో ఇంగ్లండ్ నుంచి దిగిన నీలిబూడిద ఉన్నితో జాకెట్లు తయారయ్యాయి. ఐర్లండ్‌లోని లిమెరిక్‌లో పీటర్ టెయిట్ కుట్టించి పంపినవీ యుద్ధం చివర్లో చేరాయి. ఆ జాకెట్టు ఎంత ముచ్చటగా ఉన్నా, దాన్ని తొడుక్కుని 1862 నాటి ఘట్టంలో నిలబడకూడదు.

చిరుగులంటే, పాతబడ్డ రూపమంటే మోజు మరో సమస్య. గుండీలను మూత్రంలో నానబెట్టి మెరుపు చంపే రీఎనాక్టర్ల గురించి అమెరికన్ రచయిత టోనీ హార్విట్జ్ 1998 నాటి పుస్తకంలో రాశాడు. ఆ పట్టుదలను తక్కువ చేయలేం. కానీ ఉత్తరాది కాల్బలం సిపాయికి బట్టల కింద ఏడాదికి 42 డాలర్ల కేటాయింపు ఉండేది. అంతకు మించి తీసుకుంటే జీతంలో కోసేవారు. అంటే వరుసలో నిలబడ్డవాళ్లలో కొత్త కోటు అందుకున్నవాడు ఎప్పుడూ ఒకడు ఉండేవాడు. కొత్త కోటుకు ఇసుక కాగితం పట్టించనక్కర్లేదు. వేసుకుని నడిచి, వానలో తడిసి, నెగడు పక్కన పడుకుంటే మోచేతులు వాటంతటవే అరుగుతాయి.