కర్సరు ఒకచోట, అక్షరం ఒకచోట

టెర్మినల్లో విమ్ ఎడిటర్ తెరిచి తెలుగు ఫైలు దిద్దుతుంటే ఉన్నట్టుండి తెర చెదిరిపోతుంది. పాత వరుసల ముక్కలు కొత్త వరుసల మీద మిగిలిపోతాయి. కర్సరు ఒక అక్షరం మీద కనిపిస్తుంటే చెరిగేది పక్కది. చాలామంది కంట్రోల్-ఎల్ నొక్కి ముందుకు పోతారు. ఎడిటర్ తెరంతా మళ్లీ గీస్తుంది, పని గడుస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

దాని మూలం తెలియాలంటే 1976కు వెళ్లాలి. బర్క్‌లీలో విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్ రాస్తున్న బిల్ జాయ్ ఇంట్లో ఉన్నవి ఏడీఎం-3ఏ టెర్మినల్, 300 బాడ్ మోడెమ్. సెకనుకు దాదాపు 30 అక్షరాలే వెళ్లేవి. 24 వరుసలు, వరుసకు 80 గళ్లు. నిండు తెర గీయాలంటే 1,920 అక్షరాలు, అంటే నిమిషం పైమాటే. అందుకని ఎడిటర్ తెర నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుని, మారిన గళ్లు మాత్రమే పంపేది. ఎంత గొప్ప పొదుపు! టెర్మినల్ తెరలు గీసేందుకు కెన్ ఆర్నాల్డ్ రాసిన కర్సెస్ లైబ్రరీకి ఆధారం ఆ కోడే. ఇవాళ రాజోలులో ఇంట్లో కూర్చుని, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్ డేటా మీద దూరపు సర్వర్‌లో ఫైలు దిద్దగలగడం ఆ పొదుపు చలవే.

నకలుకూ తెరకూ పొంతన తప్పినప్పుడే చిక్కంతా. వెనక నడిచే ప్రోగ్రాం ఏదో తెర మీద రాసిపోయి ఉంటే ఒక్క కంట్రోల్-ఎల్ చాలు. మళ్లీ మళ్లీ వస్తుంటే, టెర్మినల్ రకం చెప్పే టర్మ్ వేరియబుల్ చూడాలి. ఒకే టెర్మినల్లో పలు తెరలు నడిపే టీమక్స్ లోపల దాని విలువ టీమక్స్ అనో స్క్రీన్ అనో మొదలవ్వాలి. ఎక్స్‌టర్మ్ అని బలవంతాన పెట్టడం చెడ్డ అలవాటు. అదీ సరిగానే ఉంటే విమ్‌ను క్లీన్ ఆప్షన్‌తో తెరవండి. అప్పుడు తెర కుదురుగా ఉంటే తప్పు మీ సెట్టింగుల్లోనో ప్లగిన్లలోనో ఉంది.

తెలుగులో మాత్రం ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెర చెదరవచ్చు. లినక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ గళ్లను లెక్కించే తీరు చూడండి. దీర్ఘానికి, గుడికి, ఏత్వానికి, ఓత్వానికి అది గడి ఇవ్వదు. కొమ్ముకు, సున్నకు ఒక్కో గడి ఇస్తుంది. ఒత్తుగా కిందికి దిగిన హల్లుకూ విడిగా గడి కేటాయిస్తుంది. అమలాపురం మనకు అయిదక్షరాలు, దానికి ఏడు గళ్లు. రాజోలు మూడక్షరాలు, నాలుగు గళ్లు. కొత్తపేట నాలుగక్షరాలు, అయిదు గళ్లు. కోనసీమ ఒక్కటే నాలుగుకు నాలుగు. ఎడిటర్, టెర్మినల్ రెంటిలో ఒకటి ఈ లెక్కన, మరొకటి అక్షరాల లెక్కన నడిస్తే అమలాపురం దాటేసరికే కర్సరు రెండు గళ్లు తప్పుతుంది. అప్పుడు ఎన్నిసార్లు తెర గీయించినా అదే తప్పు మళ్లీ గీస్తుంది. మార్చాల్సింది టెర్మినల్‌ను, ఎంఎల్‌టెర్మ్ లాంటివి భారతీయ లిపులను కూర్చి చూపగలవు.

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఐఫోన్ యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని దిద్దింది. లోపం బయటపడి నలుగురూ చెప్పబట్టే ఆ దిద్దుబాటు వచ్చింది. మీరూ మీ ఊరి పేరు టైపు చేసి, చివర కర్సరు ఎక్కడ ఆగిందో చూడండి. తప్పితే టర్మ్ విలువ, టెర్మినల్ వెర్షన్, తెర ఫొటో కలిపి ఆ టెర్మినల్ రాసినవాళ్లకు పంపండి.