సీసపు బిళ్ళ మీది ఓడ

తుంగతుర్తి నుంచి సముద్రం చూడాలంటే సూర్యాపేట, కోదాడ దాటి మచిలీపట్నం దాకా పోవాలి. పిట్ట ఎగిరినంత సూటిగా కొలిచినా రెండు వందల కిలోమీటర్లకు తగ్గదు. అలాంటి మెట్ట ఊళ్ళో కూర్చుని చెక్కముక్కలతో ఓడ కడతానంటే నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ నేలకు సముద్రంతో పని పడక కాదు. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంత వెండి సముద్రం దాటకుండా ఇక్కడికి రాదు. తుంగతుర్తికి పక్కనే ఉన్న ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2024లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. వాటికి ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. అదే ఉజ్జయిని గుర్తును వెనక మోసే మరో రకం సీసపు నాణేలు కోస్తా తీరాన దొరికాయి. వాటి ముందు వైపున ఉన్నది ఏనుగు కాదు, రెండు తెరచాప స్తంభాల ఓడ.

వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఈ ఓడ నాణేలు దాదాపు ప్రతి చరిత్ర పుస్తకంలోనూ కనిపిస్తాయి. శాతవాహనుల సముద్ర వ్యాపారానికి ఇదే సాక్ష్యం అని ఒక వాక్యం రాసి పుస్తకం ముందుకు పోతుంది. ఓడ కట్టబోయేవాడు మాత్రం అక్కడే ఆగిపోక తప్పదు. పొడవెంత? పొట్ట గుండ్రనా, కోసుగా ఉంటుందా? నీళ్ళ కింది భాగం ఎలా ఉండేది? పలకలను మేకులతో బిగించారా, తాళ్ళతో కుట్టారా? రెండు స్తంభాలు, పైకి లేచిన మొనలు, బిగించిన తాళ్ళు తప్ప బిళ్ళ మరేమీ చెప్పదు. చేతిపనిగా ఓడ నమూనా కట్టడంలోని విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. అది అలంకార వస్తువు తయారీ కంటే ముందు ఒక విచారణ. చదివేటప్పుడు దాటేసిన ప్రశ్నలను కట్టేటప్పుడు దాటలేము.

పని కొలతతో మొదలవుతుంది. 1:50 అనుకుంటే ఐదున్నర అడుగుల కలాసీ మూడున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేలతాడు. అంగుళం మందం మోకు అర మిల్లీమీటరు దారమవుతుంది. ఆ దారానికి నూగు ఉంటే ఓడ మీద మోకుకు గడ్డం మొలిచినట్టుంటుంది గనుక ముందే తేనెమైనం పట్టించి నున్న చేసుకోవాలి. అడుగున పొడవాటి వెన్నుకర్ర, దాని మీద పక్కటెముకల్లా చట్రాలు నిలబెట్టాక అసలు పరీక్ష పలకల దగ్గర వస్తుంది. ఓడ నడుమ దగ్గర చట్రం చుట్టుకొలత ఎక్కువ, మొనల దగ్గర తక్కువ. నడుమ పది పలకలు పరుచుకున్న వరసే మొన దగ్గరా ఇమడాలి కనుక ప్రతి పలకనూ కొసలవైపు సన్నగా చిత్రిక పట్టాలి. ఐస్‌క్రీం పుల్లంత పలకను వేడినీళ్ళలో నానబెట్టి, వేడి గొట్టం మీద మెల్లమెల్లగా వంచి, ఆరేదాకా బట్టల క్లిప్పులతో చట్రానికి పట్టించి ఉంచాలి. తొందరపడితే ఫట్టున చీలుతుంది. ఒకే పక్క వరసగా నాలుగు అతికించామా, చట్రమంతా అటు గుంజుకుని ఓడ మెలితిరుగుతుంది. అందుకే ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఈ నియమం పుస్తకంలో చదివితే ఒక వాక్యం. ఒక ఓడ పాడయ్యాక తెలిస్తే జన్మలో మరిచిపోరు.

ఇదంతా పిల్లలాట అనేవాళ్ళకు ఇటీవలి ఉదాహరణ ఒకటి చాలు. అజంతాలోని 5వ శతాబ్దపు ఓడ చిత్రం ఆధారంగా మన నౌకాదళం కుట్టు ఓడ ఒకటి కట్టించింది. పేరు కౌండిన్య, పొడవు సుమారు 20 మీటర్లు. కేరళకు చెందిన బాబు శంకరన్ నాయకత్వంలో వడ్రంగులు కొబ్బరి పీచు తాళ్ళతో పలకలను కుట్టారు. 2025 మే 21న కార్వార్‌లో అది నౌకాదళంలో చేరింది. వాళ్ళ చేతిలోనూ నక్షా లేదు, గోడ మీది బొమ్మే ఉంది. ఆ ఓడ సముద్రాన్ని తట్టుకుంటుందో లేదో ఎలా తేల్చారు? ఐఐటీ మద్రాసు ఓషన్ ఇంజినీరింగ్ విభాగంతో కలిసి నమూనా పరీక్షలు చేసి. ఈ మార్గం వేసినవాడు విలియం ఫ్రూడ్. 1870ల మొదట్లో ఇంగ్లండులోని టోర్కీలో నీళ్ళ తొట్టి కట్టి, మైనపు నమూనాలను అందులో లాగి, నమూనాకు ఎంత వేగమిస్తే అలలు అసలు ఓడ అలల్లాగే లేస్తాయో సూత్రం కట్టాడు. వందో వంతు నమూనా అయితే వేగం పదో వంతు చాలు. మన విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధన శాలలోనూ ఇలా నమూనాలను లాగి చూసే 500 మీటర్ల తొట్టి ఉంది. బల్ల మీది ఓడకు ఆ తొట్టి అక్కర్లేదు, నిజమే. కానీ రెండూ ఒకే వంశానివి.

కిట్ కొంటే పోదా, త్రీడీ ప్రింటర్ ఉండగా ఈ చాకిరీ ఎందుకు అనే ప్రశ్న ఇంకాస్త గట్టిది. విదేశీ యుద్ధనౌక కావాలంటే కిట్టే మేలు, వాదించను. శాతవాహన ఓడకు మాత్రం, ప్రింటర్‌కు ఇచ్చే గీత ఎవరు గీస్తారు? తెరమీద ఎంత వంపైనా తిరుగుతుంది, చెక్క తిరగదు. తిరగనంటుంది కాబట్టే అది చెప్పేదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. చెక్కతో ఇలా బేరమాడే విద్య మనకు కొత్తా? కోదాడ మీదుగా విజయవాడ పోయే దారికి దగ్గర్లోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల పనివాళ్ళు తేలికైన తెల్ల పొణికి కర్రను కాచి తడి తీసి, అంగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి నున్న చేస్తారు. ఓడ కట్టేవాడికి కావలసిన సరంజామాలో సగం అక్కడే ఉంది. పొణికి మెత్తన కాబట్టి వెన్నుకర్రకు పనికిరాదు గానీ, మొన మీద చెక్కడానికి అంతకన్నా మంచి కర్ర అరుదు.

చివరి ఆక్షేపణ రంగు దగ్గర పుడుతుంది. రంగు వేయడంలోనూ లెక్క ఉంది: 1:50 నమూనాను అడుగు దూరాన చూడటమంటే అసలు ఓడను యాభై అడుగుల దూరాన చూడటం. దూరానికి రంగులు వెలుస్తాయి. డబ్బాలోని నలుపును తిన్నగా పూస్తే బొమ్మలా ఉంటుంది, కాస్త బూడిద రంగు కలిపి పలచటి పూతలు వేయాలి, మెరుపు ఉండకూడదు. ఇంత ఒప్పుగా పూశాక చూసేవాళ్ళు శాతవాహన ఓడ అచ్చంగా ఇదే అని నమ్మరా? నమ్ముతారు. ఈ ప్రమాదం నిజమైనదే. కానీ దీనికి మందు పురావస్తు శాలల్లోనే ఉంది: పగిలిన కుండను అతికేటప్పుడు దొరకని పెంకు చోటును వేరే ఛాయ ముద్దతో పూడ్చి, ఇది మేం చేర్చింది అని కనబడేలా వదిలేస్తారు. ఓడకూ అంతే చేయవచ్చు. బిళ్ళ మీద కనిపించే మొనలకు, రెండు స్తంభాలకు, తాళ్ళకు రంగు. బిళ్ళ చూపని అడుగు భాగమంతా ఇసుక కాగితం పట్టిన పచ్చి చెక్క.