టాకీ మింగిందనుకున్న గొంతు

సురభి కమలాబాయి పేరు ఈ వారం కూడా అచ్చులో ‘తొలి తెలుగు కథానాయిక’ అన్న ఒక్క బిరుదుతోనే కనిపించడం చూస్తే, నాటకరంగాన్ని సినిమాకు తొలిమెట్టుగా మాత్రమే లెక్కించే అలవాటు ఇంకా పోలేదని తెలుస్తుంది. ఈ శీర్షిక ఆ అలవాటును ఎప్పటినుంచో నిరసిస్తూనే ఉంది. తల్లి దమయంతి వేషంలో ఉండగా నాటకం మధ్యలోనే పుట్టిందని ప్రసిద్ధి పొందిన కమలాబాయి బాల్యంలో కృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా నటించి, యుక్తవయసులో స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలనూ ధరించింది.

ఆనాటి రంగస్థలంపై స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే వేసేవారు. స్థానం నరసింహారావు ఆ విద్యను శిఖరానికి చేర్చి 1956లో పద్మశ్రీ అందుకున్న మాట నిజమే గాని, అంతటి ప్రతిభ వెనుక కూడా స్త్రీలను వేదికకు దూరంగా ఉంచిన సమాజపు కట్టడి ఉందన్నది ఇక్కడ మరొకసారి చెప్పక తప్పదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో మొదలైన, కమలాబాయి పేరులో కనిపించే నాటక సమాజం కుటుంబాలకు కుటుంబాలే కలిసి నడిపినది కాబట్టి, అక్కడ తల్లులూ కూతుళ్లూ సహజంగానే ముఖానికి రంగు వేసుకున్నారు. మా తొర్రూరు పరిసరాల వారికి ఇది వింత కాదు; పురాణకథలను పాట, మాట, అడుగులతో ఆడే చిందు యక్షగానం కూడా కుటుంబాల కళే. బోధన్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ పురుష వేషాలతో పేరు పొందగా, దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఈ ప్రాంతమంతా గర్వించింది. మైకు లేని కాలంలో చివరి వరుసకు వినిపించేలా పద్యం ఎత్తుకోవడం, హార్మోనియం శ్రుతికి నిలిచి రాగం సాగదీయడం, ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని, అంటే మళ్లీ పాడమని, కేకవేస్తే అదే ఊపుతో తిరిగి అందుకోవడం సురభి కుటుంబాల పిల్లలకు ఆటపాటలతోపాటే అబ్బిన విద్య.

అటువంటి గొంతును టాకీ, అంటే మాటలు వినిపించే సినిమా, మింగేసిందని వాదించడం సులభం. అయితే హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో కమలాబాయి లీలావతిగా నటించేనాటికి నేపథ్యగానం, అంటే తెరపై నటించేవారికి బదులు వేరొకరు పాడే పద్ధతి, ఇంకా రాలేదు, కెమెరా ముందు నిలిచినవారే పాడాలి. అందువల్ల తొలి టాకీ నాటకానికి శత్రువు కాదు, నాటకమే తెరపైకి నడిచి వచ్చిన రూపం. పాడే నటికి పని తగ్గించింది ఆ తరువాత వచ్చిన నేపథ్యగానం.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆమె వేదికపై పాడిన పద్యాలు విన్న తరం వెళ్లిపోయింది. 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమా మాత్రం మిగిలింది. అందులో కథానాయకుడు తోటరాముడి తల్లిగా ఆమె మాటను ఎక్కడ ఎత్తి, ఎక్కడ ఊపిరి నిలిపి, ఎక్కడ దించుతుందో శ్రద్ధగా వింటే, పద్యం నేర్పిన ఆ శ్వాస ఇప్పటికీ వినిపిస్తుంది.