గట్టు మీద గాలం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. ఆ గట్ల మీద తీరిక దొరికిన మనిషి చేతిలో గాలం కనబడటం వింతేమీ కాదు. సరంజామా కొంచెమే: వెదురు కర్ర, నైలాన్ దారం, కొక్కెం, జీలుగ బెండు. పనితనమంతా వాటిని చేపకు తగ్గట్టు కుదర్చడంలోనే ఉంది. జెల్లకైతే బెండు తీసేసి, సీసపు గుండు కట్టి, వానపామును అడుగున కూర్చోబెట్టాలి. పట్టాక దాని ముల్లుతో జాగ్రత్త! శీలావతి, బొచ్చె లాంటి బరువైన చేపలకు తవుడు ముద్ద, వీలైతే రీలున్న కర్ర.

నాకు మాత్రం కొర్రమీను గాలగాడంటేనే ఎక్కువ గౌరవం. ఆ చేప గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. ఆ ఒక్క బుడగను ఆనవాలు పట్టి, బెండూ గుండూ లేని దారానికి కప్పపిల్లను గుచ్చి, నాచు మీద గెంతుతున్నట్టే లాగుతాడు. చేప అందుకోగానే గుంజేయడు, మింగేదాకా దారం వదులుతాడు. ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న కొర్రమీను జోలికి అసలే పోడు. అప్పుడు పట్టడం తేలిక, అందుకే పట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లది వేటని నేననను.