గంజి వదిలిన చీరలు

పొత్తులు పొసగని ప్రభుత్వాన్ని దెప్పాలంటే మన పత్రికలు వాడే మాట ‘అతుకుల బొంత’. ఆ మాట కనబడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. బొంతలో అతుకులు ఉండే మాట నిజమే. కానీ ఆ అతుకులు విడిపోవు. విడిపోకుండా కుట్టడమే బొంత విద్య. ఫిలింనగర్‌లో మా ఇంటి వెనక వీధిలో ఉండే అవ్వ దగ్గర కూర్చుని చూశాక నాకు ఆ విద్య ఎంత లెక్కతో కూడిందో తెలిసింది.

జూబ్లీహిల్స్ రోడ్ల మీద నుంచి చూస్తే ఈ పక్క అద్దాల మేడలు, స్టూడియోల గేట్లే కనిపిస్తాయి. గుట్ట దిగువకు వస్తే ఇరుకు బస్తీలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టారు. ఆ తర్వాత మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లమెల్లగా ఈ రాళ్ళ గుట్టల మీదికి తరలి వచ్చింది. దానితోపాటే లైట్‌మెన్, వంటవాళ్ళు, కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేసేవాళ్ళు, మేడలు కట్టే మేస్త్రీలు వచ్చారు. ఊరి నుంచి వచ్చిన కుటుంబాల మూటల్లో గిన్నెలతోపాటు ఒక బొంత ఉండేది. ఈ అవ్వ కూడా పాలమూరు నుంచి అలాగే వచ్చింది.

బొంతకు మొదటి పని కుట్టడం కాదు, నానబెట్టడం. “ముందుగాల గంజి ఇడవాలె బిడ్డా. గంజి ఇడువని చీరల సూది దిగది” అంటుంది అవ్వ. నూలు చీరకు కట్టినన్నాళ్ళూ వంటింటి గంజే నిలువు, నిగారింపు. అన్నం వార్చిన గంజిని నీళ్ళతో పలచన చేసి, వడగట్టి, ఉతికిన చీర అందులో ముంచి ఆరేసేవాళ్ళు. బొంతలోకి వెళ్ళేటప్పుడు ఆ గంజి చుక్క కూడా మిగలకూడదు. మిగిలితే పొరలు బిరుసెక్కుతాయి, పురుగు పడుతుంది. అందుకే రాత్రంతా నానబెట్టి, కుంకుడు రసంలో ఉతికి, రెండు ఎండలు ఎండబెడుతుంది. రంగు దిగే చీరను తడిపి, తెల్ల గుడ్డ మీద వేసి నొక్కి చూస్తుంది. మరక పడితే దాన్ని లోపలి పొరల్లోకి కూడా రానివ్వదు.

కొత్త బట్టకు ఎందుకు చోటు లేదని అడిగాను. కొత్త నూలు ఉతికితే ముడుచుకుంటుంది. పాత నూలు ముడుచుకోవలసినంత ఎప్పుడో ముడుచుకుంది. రెండూ కలిపి కుడితే మొదటి ఉతుకులోనే కొత్తది పాతదాన్ని గుంజి చింపేస్తుంది. పాలిస్టర్‌ది ఇంకో చిక్కు. అది ముడుచుకోదు, చెమట పీల్చదు, పక్క పొర మీద జారిపోతుంది. కాబట్టి ఒకే వయసు, ఒకే ఒరవడి ఉన్న బట్టలను ఏరాలి. అవ్వ చీరను చెంపకు ఆనించుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి ఎంచుతుంది. ఆ వేళ్ళ తీర్పు తప్పడం నేను చూడలేదు.

అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే రెండు పొరలు వచ్చేస్తాయి. మధ్యలో చిరిగిన పంచెలు, లుంగీలు, కుట్లు విప్పిన లంగాలు పరుస్తారు. గట్టి అంచులు, కుట్ల దగ్గర దళసరిగా ఉన్న భాగాలు కత్తిరించేస్తారు, లేకపోతే పడుకున్నప్పుడు ఒత్తుకుంటాయి. చిన్న ముక్కలను అంచు మీద అంచు వేసి పరుస్తారు. ఎక్కడా ఖాళీ ఉండకూడదు, ఎక్కడా గుట్ట కాకూడదు. నడుము కింద పడే చోట ఒక పొర ఎక్కువ. నేల మీద పరిచి, నాలుగు మూలలా నీళ్ళ చెంబులు బరువు పెట్టి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ముడతలు తోసేస్తుంది అవ్వ. ఆ తర్వాత జానెడు ఎడంతో కచ్చా కుట్లు. అసలు కుట్టు పూర్తయ్యాక ఇవి తీసేస్తారు, కానీ పొరలు కదలకుండా పట్టేవి ఇవే. వీటి దగ్గర తొందరపడితే చివరికి ఒక మూలన బుడ్డలా గుడ్డ పోగుపడుతుంది.

అసలు కుట్టు చాలా మామూలుది. సూది కిందికి, పైకి, కిందికి, పైకి. గోనెసంచులు కుట్టే దబ్బనం పనికిరాదు, చిల్లు పెద్దదై పాత నూలు చినిగిపోతుంది. కొంచెం లావు సూది, రెండు పేటల నూలు దారం, దానికి తేనెమైనం. దారం చేతి పొడవు మించితే చిక్కు పడుతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగేస్తారు. వరసకూ వరసకూ రెండు వేళ్ళ ఎడం. లెక్క వేసి చూశాను: ఒక చీర పొడవున సగం, వెడల్పు నిండా ఇలా కుడితే ముప్పై ఎనిమిది వరసల దాకా వస్తాయి. అంటే నూరు మీటర్లకు పైగా కుట్టు, అయిదు వేలకు పైగా పోట్లు. దారం మరీ బిగించరు. బిగిస్తే బొంత అట్టలా అవుతుంది. ఆ కాస్త వదులులోనే పొరల మధ్య గాలి నిలుస్తుంది, డిసెంబరు రాత్రి వెచ్చదనం ఆ గాలిదే. మిషన్ మీద కుట్టిన బొంతలో నాకు ఈ వదులు కనబడదు.

బొంత పైపొర అరిగితే పారేయరు. దాని మీదే ఇంకో చీర పరిచి మళ్ళీ కుడతారు. కోడలి చీర కింద అత్త చీర, దాని కింద ఆమె అత్తది. ఇది చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. కుండలో పులిసిన గంజి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అయ్యేది కాదు. అడుగున కొంత ఉంచి, దాని మీద ఆ పూట గంజి, గుప్పెడు అన్నం. నిన్నటి పులుపే ఇవాళ్టిదాన్ని పులియబెడుతుంది. నేనూ ఫ్లాట్‌లో ఒక చిన్న జాడీలో మొదలుపెట్టాను. మొదటి వారం మే ఎండకు కుళ్ళు వాసన పట్టి పారబోయాల్సి వచ్చింది. రెండోసారి జాడీని నీడన, తడిగుడ్డ చుట్టి ఉంచాను. మూడో రోజుకు పులుపెక్కింది.

సినిమా వాళ్ళ పేట కాబట్టి ఇంకో సంగతి. పేదవాడి పాత్రకు కొత్త బట్ట కొని, టీ డికాషన్‌లో ముంచి, గరుకు కాగితంతో రుద్ది పాతది చేస్తారు కాస్ట్యూమ్స్ వాళ్ళు. అదీ పనితనమే, నాకు గౌరవమే. అయితే ఇరవై ఏళ్ళ ఉతుకు ఇచ్చే మెత్తదనం ఏ డికాషన్‌కూ రాదు.

బెంగాలీల కాంతా, కన్నడిగుల కౌది, మరాఠీల గోధడి మన బొంతకు తోబుట్టువులు. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనుల పాత బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకు తగిలించారు. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మనం మాత్రం బొంతను తిట్టుగా మిగుల్చుకున్నాం.

మొన్న అవ్వ మునిమనవరాలి కోసం చిన్న బొంత మొదలుపెట్టింది. పసిబిడ్డ ఒంటికి ఆనేది కాబట్టి అన్నిటికన్నా మెత్తని చీర కావాలి. “పైకి ఒక్కటి తక్కువైంది. నీ తాన ఉంటె తే బిడ్డా” అంది. అల్మారా అంతా వెతికాను. అన్నీ పట్టు, జార్జెట్ చీరలే. అట్టడుగున అమ్మ కట్టిన నీలి గళ్ళ నూలు చీర ఒకటి దొరికింది. రాత్రి బకెట్లో నానబెట్టాను. తెల్లారి చూస్తే నీళ్ళు పల్చటి పాలలా ఉన్నాయి. ఎన్నేళ్ళ కిందటిదో, అమ్మ పెట్టిన గంజి.