ముసలి గొంతుకు మూడు రోజులు

పేరున్న ముసలి పాటగాళ్ళు కొత్త ఆల్బమ్ తెస్తున్నారంటే నాకు ముందు గుబులు పుడుతుంది. వయసు తెలియకుండా గొంతుకు మెరుగులు దిద్దుతారు. ఈ ఏడాది నడుస్తున్న బీటేదో పట్టుకొస్తారు. పక్కన ఒక పడుచు గొంతును నిలబెడతారు. వినేవాళ్ళేమో పాత పాటల మీది మర్యాద కొద్దీ బాగుందని ఊరుకుంటారు. ఆ గుబులుతోనే నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట పోయే బస్సులో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ ‘బ్లూ అండ్ లోన్సమ్’ పెట్టుకున్నాను. దేవరకొండ రాకముందే అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

రోలింగ్ స్టోన్స్ 1962లో లండన్‌లో పుట్టిన బ్యాండ్. ఆ పేరు వాళ్ళు మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి గాయకుడి పాట నుంచి తీసుకున్నారు. 2015 డిసెంబర్‌లో సొంత పాటలతో కొత్త ఆల్బమ్ చేద్దామని స్టూడియోకు వెళ్ళారు. చేతులు ఆడటానికి ముందుగా బ్లూస్ కళాకారుడు లిటిల్ వాల్టర్ పాత పాట ఒకటి వాయించి చూసుకున్నారు. అది కుదిరింది. ఇంకొకటి, మరొకటి. మూడు రోజుల్లో పన్నెండు పాటలయ్యాయి. చాలావరకు షికాగో బ్లూస్ పెద్దల పాటలే, తమది ఒక్కటీ లేదు. అప్పటికి గాయకుడు మిక్ జాగర్‌కు 72, డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్‌కు 74. మరుసటి ఏడు డిసెంబర్‌లో ఆల్బమ్ వస్తే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది, 2018లో గ్రామీ అందుకుంది.

దాంట్లో నాకు నచ్చింది జాగర్ పాట కన్నా ఆయన నోటి హార్మోనికా. దమ్ము ఎక్కడ తీసుకుంటున్నాడో తెలుస్తుంది. వాట్స్ ఎక్కడా దరువు పెంచడు. కుర్రతనంలో గాయకుడి కన్నా ముందుండాలని ఉరికే గిటార్లు ఇక్కడ గాయకుడి మాట పూర్తయ్యేదాకా ఆగుతాయి. వీళ్ళే 2023లో ‘హాక్నీ డైమండ్స్’ అని సొంత పాటల ఆల్బమ్ తెచ్చారు. అప్పటికి వాట్స్ పోయి రెండేళ్ళయింది, ఆయన వాయించినవి అందులో రెండు పాటల్లోనే ఉన్నాయి. బాగానే ఉంది, మెరుపులున్నాయి, అతిథులున్నారు. అయినా నా ఓటు మూడు రోజుల ఆల్బమ్‌కే.

ఆ పాటల పుట్టుక పాలమూరు మనిషికి విప్పి చెప్పనక్కర్లేదు. మడ్డీ వాటర్స్ మిసిసిపీ పత్తి చేలలో పనిచేసినవాడు. 1943లో బతుకుదెరువుకు షికాగో పోయాడు. ఆ నగరపు రొదలో వినబడాలని గిటార్‌కు కరెంటు తగిలించుకున్నాడు. అలా వలస కూలీల మధ్య తయారైన సంగీతమే షికాగో బ్లూస్. ప్రాజెక్టుల మట్టి మోయడానికీ బొంబాయి మేస్త్రీ పనులకూ ఊళ్ళకు ఊళ్ళు పోయిన జిల్లా మనది. మడ్డీ షికాగో పోవడానికి రెండేళ్ళ ముందు, 1941లో, ఇంకో సంగతి జరిగింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలాన్ లోమాక్స్, ఫిస్క్ యూనివర్సిటీ నుంచి జాన్ వర్క్ రికార్డింగ్ యంత్రం వెంటబెట్టుకుని మడ్డీ పనిచేసే తోటకే పోయారు. ఆయన ఇంట్లోనే కూర్చోబెట్టి పాడించుకున్నారు. తన గొంతు తాను విన్నాకే మడ్డీకి పాటగాడిననే నమ్మకం కుదిరింది.

బస్సు దిగిన అచ్చంపేటకు ఆవల, నల్లమల అంచున లింగాల మండలం ఉంది. అక్కడి అవుసలికుంట కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య ఊరు. పొడుగాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద తేనెమైనంతో అతికించిన మెట్లు, ఇదీ కిన్నెర. ఆ మెట్లకు పూర్వం అలుగు పెంకులు వాడేవారు. డక్కలి వాళ్ళు మాదిగ వాడల్లో జాంబ పురాణం చెప్పేటప్పుడు పట్టుకునే వాద్యం ఇది. మొగిలయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిన పండుగ సాయన్న కథ, పానుగంటి మియాసాబ్ కథ ఆయన నోట వినాలి.

రాష్ట్రమంతా ఆయన్ను విన్నది మాత్రం 2021 సెప్టెంబర్‌లో, ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో. కాసేపే. ఆ తర్వాత డ్రమ్ములు అందుకుంటాయి, హీరో వస్తాడు. సంగీత దర్శకుడు తమన్ ఆయన్ను పిలవడం మంచి పనే, కాదనను. 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. రెండేళ్ళు దాటాక ఆయన హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్నాడని వార్తలు చదివాం. జానపద కళాకారుణ్ణి మన సినిమా కూరలో కరివేపాకులా వేస్తుంది. స్టోన్స్ మాత్రం 1965లో అమెరికా టీవీ వాళ్ళు తమను పిలిస్తే, తమ గురువులాంటి బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌నూ పిలవాలని పట్టుబట్టారు. ఆయన పాడుతుంటే కింద కూర్చుని విన్నారు. పాట మొత్తం ఆయనదే.

నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు చాలామంది ఆయన వాయించే బుర్రవీణ పేరే మొదటిసారి విన్నారు. సరిహద్దు మనిషి కనుక తెలుగులోనూ కన్నడంలోనూ పాడతాడు. నల్లగొండ వైపు చూస్తే, సాయుధ పోరాటం నాటి సుద్దాల హనుమంతు పాట 1980లో ‘మా భూమి’ సినిమాతో ఊరూరా పాకింది. సినిమాలో విన్నది వేరే గొంతు. 1982లో హనుమంతు పోయారు.

ముసలి కళాకారుణ్ణి వినడానికీ ఒక పద్ధతి ఉందని నేను నమ్ముతాను. మొదటి పది నిమిషాలు లెక్కలోకి తీసుకోకూడదు. తీగలు సర్దుకోవాలి, గొంతు వేడెక్కాలి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు లేచిపోరని ఆయనకు నమ్మకం కలగాలి. కథ సగానికొచ్చాక చూడండి. పాట ఆపి వచనం ఎత్తుకుంటాడు, వచనం ఆపి ఉత్త తీగలే మీటుతాడు. దమ్ము తీసుకోవడానికే ఆపుతాడు, నిజమే. కానీ ఆ ఆగడంలోనే సాయన్నకు ఏమైందోనని మనం ముందుకు వంగుతాం. పాతికేళ్ళవాడికి ఆ అవసరమూ లేదు, ఆ నేర్పూ అంత తొందరగా రాదు. జాతరల్లో ఫోను పట్టుకుని నిలబడేవాళ్ళు సరిగ్గా అక్కడే బటన్ నొక్కి ఆపేస్తారు. అర నిమిషం రీలుకు సరిపడా దొరికింది కదా!

స్టోన్స్ దగ్గర డబ్బుంది, మనవాళ్ళ దగ్గర లేదు అంటారేమో. ఆ ఆల్బమ్‌లో డబ్బు పెట్టి కొన్నది ఏముంది? ఒక గది, నాలుగు మైకులు, తొందరపెట్టని మనుషులు. భాషా సాంస్కృతిక శాఖ వారికి నా విన్నపం ఇది. సన్మానానికి శాలువా కొనే పద్దులోంచే కొంత తీసి, పాలమూరు, నల్లగొండ జిల్లాల కిన్నెర, బుర్రవీణ కళాకారులకు తలా మూడు రోజులు ఇవ్వండి. రవీంద్రభారతికి రప్పించకండి, వాళ్ళ ఊరికే మైకులు తీసుకుపోండి. కథ మొదటి నుంచి చివరిదాకా పాడించండి, మధ్యలో డ్రమ్ములు కలపకండి. అట్ట మీద మంత్రి ఫొటో వద్దు, పాడినవాళ్ళ పేరు పెద్దక్షరాల్లో వేయండి. పైకం మాత్రం రికార్డింగ్‌కు ముందే చేతిలో పెట్టండి.